నేల మీద కాపలా, ఓడ మీద కాపలా

అంతర్వేది ఒడ్డున నిలబడితే, వేట నుంచి తిరిగొచ్చే బోటుకి ముందు జెండా కనిపిస్తుంది, ఆ తర్వాతే బోటు. భూమి గుండ్రం కదా! ఓడ రాడార్‌కీ అదే చిక్కు. నీళ్లను రాసుకుంటూ వచ్చే క్షిపణి 30-40 కిలోమీటర్ల దగ్గరికి వస్తేగానీ దొరకదు. ధ్వని వేగంతో వస్తే రెండు నిమిషాలే టైమ్. అందుకే ముందు ఓడ నుంచి ఎదురెళ్లి కూల్చే బరాక్-8 క్షిపణి, అదీ తప్పితే నిమిషానికి వేల గుండ్లు కాల్చే ఏకే-630 తుపాకీ.

నేల మీది క్షిపణి రక్షణ వ్యవస్థకు ఆ టెన్షన్ తక్కువ. బాలిస్టిక్ క్షిపణి బాగా ఎత్తుకి ఎగసి పైనుంచి దిగుతుంది కాబట్టి దూరం నుంచే కనిపిస్తుంది. పృథ్వీ ఇంటర్‌సెప్టర్ (ఎదురెళ్లి కూల్చే క్షిపణి) 50 కిలోమీటర్లకు మించిన ఎత్తులో అడ్డుకుంటుంది, తప్పితే 30 కిలోమీటర్ల ఎత్తు లోపు రెండో ఇంటర్‌సెప్టర్. కానీ కాపాడేది తన చుట్టుపక్కలనే.

తీరంలో పుట్టినవాడిగా నా ఓటు ఓడకే. ముప్పు ఎటుంటే అటు కదులుతుంది. బాలిస్టిక్ క్షిపణిని అడ్డుకునే ఇంటర్‌సెప్టర్‌ని 2023 ఏప్రిల్‌లో ఒడిశా తీరాన ఓడ నుంచే పరీక్షించారు.