నీలి పొర ఊడదీసే స్ప్రే యంత్రం: ఆరు నెలల వాడకం తర్వాత

చర్లపల్లిలో మాది చిన్న సర్క్యూట్ బోర్డుల వర్క్‌షాపు. ఎచింగ్ (అక్కర్లేని రాగిని రసాయనంతో కరిగించే పని) అయ్యాక రాగి గీతల మీద మిగిలే నీలం డ్రై ఫిల్మ్ ఫోటోరెసిస్టును, అంటే ఆ గీతలు కరిగిపోకుండా కాపాడే పొరను, ఇదివరకు ఎసిటోన్‌తో తుడిచేవాళ్లం. సాయంత్రానికల్లా కుర్రాళ్లకు తలనొప్పి. అది చూడలేకే నీటి ద్రావణంతో పనిచేసే ఈ స్ప్రే యంత్రం కొన్నాను.

3 శాతం కాస్టిక్ సోడా, 50 డిగ్రీల వేడి, అంతే. నాజిళ్ల కింద పెట్టగానే పొర ఉబ్బుతుంది, అంచుల్లో ముడతలు పడుతుంది, ఆపైన నానిన పెసరపొట్టులా ఊడి కొట్టుకుపోతుంది. మంచినీళ్లతో కడిగితే రాగి కొత్త చెంబులా మెరుస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే.

నచ్చనిది జల్లెడ. దాని కన్ను మరీ పెద్దది. ఊడిన పొట్టు దాటిపోయి నాజిళ్లలో ఇరుక్కుంటోంది. అమ్మినవాళ్లకు మూడుసార్లు ఫోన్ చేసినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి సన్నకన్ను స్టీలు జల్లెడ మేమే చేయించి బిగించుకున్నాం. ఇంత ఖరీదు పెట్టించుకున్నవాళ్లు ఆ మాత్రం ఇవ్వాల్సింది.

తగరం పూత ఉన్న బోర్డులను ఎక్కువసేపు ఉంచకండి, కాస్టిక్ తగరాన్నీ తినేస్తుంది. చేతితొడుగులు, కళ్లద్దాలు లేకుండా మూత తెరవనివ్వకండి. వాడిన ద్రావణాన్ని కాలువలో మాత్రం పోయవద్దు.