ఎప్పుడూ నడిచే డీమనా, సాకెట్ యాక్టివేషనా?

లినక్స్ సర్వర్‌లో నెట్‌వర్క్ సర్వీస్ నడపడానికి రెండు దారులున్నాయి. బూట్ అవగానే డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) లేచి పోర్ట్ (కనెక్షన్లు వచ్చే నంబరు ద్వారం) పట్టుకోవడం ఒకటి. పోర్ట్‌ను సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపించే ప్రోగ్రామ్) సాకెట్ అనే ఏర్పాటుతో పట్టుకుని, మొదటి కనెక్షన్ రాగానే డీమన్‌ను లేపడం రెండోది, ఇదే సాకెట్ యాక్టివేషన్. ఉబుంటు 22.10 నుంచి ఎస్ఎస్‌హెచ్‌కు (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే సర్వీస్) ఈ రెండో పద్ధతే డిఫాల్ట్.

మెమరీ: మొదటిది పనున్నా లేకున్నా ర్యామ్ తింటుంది. రెండోది పిలిచేదాకా తినదు.

వేగం: మొదటిదాంట్లో జవాబు వెంటనే. రెండోదాంట్లో తొలి కనెక్షన్‌కు కాస్త ఆలస్యం.

రిస్క్ దగ్గరే అసలు తేడా. మామూలు డీమన్ కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైల్‌లో) తప్పు రాస్తే రీస్టార్ట్‌లోనే ఫెయిలై కనిపిస్తుంది. సాకెట్ పద్ధతిలో సాకెట్ 'యాక్టివ్' అనే చూపిస్తుంది, ఎవరో కనెక్ట్ అయితే గానీ తప్పు బయటపడదు. అందుకే ఎస్ఎస్‌హెచ్ సెట్టింగ్ మార్చాక 'ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ' (sshd -t) కొట్టండి, కాన్ఫిగ్‌లో తప్పుంటే చెబుతుంది. పాత సెషన్ మూయకుండా ఇంకో టెర్మినల్‌లో లాగిన్ అయి చూడండి. దయచేసి ఈ మెట్టు దాటేయొద్దు, రిమోట్ సర్వర్ అయితే మరీను.

చెకింగ్: రూట్‌గా (అడ్మిన్ యూజర్‌గా) 'ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ' (ss -ltnp) కొడితే మొదటిదాంట్లో పోర్ట్ పక్కన డీమన్ పేరుంటుంది. రెండోదాంట్లో సిస్టమ్‌డీ, దాని పీఐడీ (ప్రాసెస్ నంబర్) 1 కనిపిస్తే టెన్షన్ వద్దు, అది మామూలే.

ఆపడం: మొదటిదాంట్లో సర్వీస్ ఆపితే చాలు. రెండోదాంట్లో సాకెట్‌నూ ఆపాలి, లేదంటే తర్వాతి కనెక్షన్‌కు డీమన్ మళ్లీ లేస్తుంది.

రోజంతా ట్రాఫిక్ ఉండే వెబ్ సర్వర్‌కు, డేటాబేస్‌కు మొదటిదే తీసుకోండి. ఎప్పుడో ఒకసారి వాడే సర్వీసులకు, ర్యామ్ తక్కువున్న చిన్న వర్చువల్ మెషీన్లకు సాకెట్ నయం.