పేరు తెలియని యువ పాదిరి చిత్తరువు: 950 పౌండ్లు పెట్టొచ్చా?

లండన్‌లో పాత చిత్రాలు అమ్మే ఒక దుకాణం ఈ తైలవర్ణ చిత్తరువును 'ఇంగ్లిష్ స్కూల్ (అంటే ఎవరో ఇంగ్లిష్ చిత్రకారుడి పని), సుమారు 1790, యువ పాదిరి, స్థితి బాగుంది' అని 950 పౌండ్లకు అమ్మకానికి పెట్టింది. కొలత 30 × 25 అంగుళాలు. ఇంగ్లండులో తల, ఛాతీ వరకు గీసే చిత్తరువులకు మామూలుగా వాడిన సైజే ఇది. గీసినదెవరో, బొమ్మలో ఉన్నదెవరో తెలియదు. ముఖం మాత్రం చాలా మంచి చెయ్యి పడిన పని. పెదవుల అంచు, కింది రెప్పల తడి చూస్తే చిత్రకారుడు ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశాడని తెలిసిపోతుంది. వివరణలో రాసిన తేదీ మాత్రం తప్పు. స్థితి గురించి రాసిన మాట అసలు చాలదు.

తేదీ సంగతి కాన్వాస్ వెనకే ఉంది. అక్కడ రంగులు, కాన్వాసులు అమ్మే విన్సర్ అండ్ న్యూటన్ ముద్ర కనిపిస్తోంది. ఆ కంపెనీ పుట్టిందే 1832లో. పాత కాన్వాస్ వెనక తర్వాతెప్పుడో కొత్త గుడ్డ అంటించి ఉంటే ఈ ముద్రకు విలువ ఉండదు, అది కొత్త గుడ్డ వయసే చెబుతుంది. అందుకే అంచులు చూడాలి. ఇక్కడ మేకుల దగ్గర ఒకే పొర నేత కనిపిస్తోంది, రంగు కింద పూసిన తెల్లటి పూత అంచు దాకా వచ్చింది. అంటే అసలు కాన్వాసే. జుట్టు కూడా అదే మాట చెబుతోంది: పౌడర్ లేదు, పొట్టిగా కత్తిరించి ముందుకు దువ్వారు. 1795లో హెయిర్ పౌడర్ మీద ఏడాదికి ఒక గినీ (పౌండు కన్నా కాస్త ఎక్కువ) పన్ను పడ్డాక ఆ అలవాటు తగ్గుతూ వచ్చింది. ఏడాదికి నూరు పౌండ్లలోపు ఆదాయం ఉన్న పాదిరీలకు ఆ పన్ను లేదు కాబట్టి జుట్టు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

పాదిరే అని ఎలా చెప్పడం? మెడ కింద వేలాడే రెండు తెల్లటి బ్యాండ్లు, నల్ల గౌను ఇంగ్లండులో వకీళ్లకూ ఉండేవి; మన కోర్టుల్లో కనిపించే బ్యాండ్లు ఆ వరసవే. అయితే బారిస్టరు చిత్తరువుకు కూర్చుంటే సాధారణంగా విగ్గు పెట్టుకుంటాడు. ఇక్కడ సొంత జుట్టు ఉంది. ఎడమ భుజం మీద హుడ్‌కు (పట్టా ఉన్నవారు గౌను మీద వేసుకునే గుడ్డకు) ఎర్రటి లోపలి గుడ్డ కనిపిస్తోంది, అది ఆక్స్‌ఫర్డ్ ఎం.ఎ. పట్టాకు సరిపోతుంది, కేంబ్రిడ్జిదైతే తెలుపు ఉండేది. 23 ఏళ్లు నిండితేనే డీకన్ (పాదిరీల్లో మొదటి మెట్టు), 24 నిండితేనే ప్రీస్ట్ (దాని తర్వాతి మెట్టు) అన్నది ఆనాటి ఆంగ్లికన్ నియమం. ముఖం చూస్తే ఆ వయసుకు అటూ ఇటూగానే ఉన్నాడు. వీటితో పేరు మాత్రం తేలదు. ఇంగ్లండు పాదిరీల నియామకాలు 1835 వరకు ఉచితంగా చూపించే ఆన్‌లైన్ డేటాబేస్ ఉంది గానీ, అందులో వెతకాలన్నా ఒక ఊరో ఇంటిపేరో చేతిలో ఉండాలి. ఫ్రేము మీద చీటీ గానీ, కాన్వాస్ బిగించిన చెక్క మీద రాత గానీ లేకుండా ఎవరైనా నోటిమాటగా పేరు చెబితే దానికి ఒక్క పౌండు కూడా అదనంగా ఇవ్వొద్దు.

అసలు చిక్కు గౌనులో ఉంది. నలుపు మీద మొసలి తోలులా వెడల్పాటి బీటలు కనిపిస్తున్నాయి. లోతైన గోధుమరంగు కోసం ఆ కాలపు చిత్రకారులు తారులాంటి బిట్యుమెన్ వాడేవారు. అది ఎన్నేళ్లయినా పూర్తిగా ఆరదు. పైపొర ఆరి బిగుసుకుంటుంది, కింద పొర కదులుతుంది, పైది చీలిపోతుంది. ఈ బీటలు మళ్లీ మూసుకోవు, పూడ్చి రంగు అద్దడం తప్ప మార్గం లేదు. పైగా పాత వార్నిష్‌ను కరిగించే ద్రావకాలే బిట్యుమెన్‌నూ కరిగిస్తాయి. బ్యాండ్లు టీ రంగుకు మారాయి కదా, మొత్తం శుభ్రం చేయించేద్దాం అనుకుంటే గౌను చెయ్యి దాటిపోవచ్చు. అంచనా రాయించుకునేటప్పుడు ముఖం, బ్యాండ్లు ఒక పద్దుగా, గౌను మరో పద్దుగా రాయమనండి. ముందు అంచున చిన్న చోట పరీక్షించి చూపమనండి. సబ్బునీళ్లు, ఉల్లిపాయ ముక్కలాంటి ఇంటి చిట్కాలు దగ్గరికి రానివ్వొద్దు.

చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) టార్చ్ వేసి చూపమని అడగండి. 395ది వద్దు, దాని ఊదా వెలుతురే అంతా కప్పేస్తుంది. పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, దాని మీద తర్వాత అద్దిన రంగు నల్లటి మచ్చలా కనబడుతుంది. ఈ చిత్రంలో కణత దగ్గర ఒక చిన్న మచ్చ, వెనక గోడ రంగులో పెద్ద మచ్చ ఒకటి తేలాయి. కళ్లు, ముక్కు, నోరు తాకకుండా ఉన్నాయి. వార్నిష్ కిందే ఉన్న పాత మరమ్మతు ఇలా దొరకదు కాబట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా తీసిన ఫొటో కూడా కావాలి.

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతానికి తెచ్చుకునేవారు తేమ సంగతి ముందే చూసుకోవాలి. 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిది. రాత్రి ఏసీ, పగలు ఉక్క అంటూ మారుతూ ఉంటే బీటలు పెరుగుతాయి. బయటి గోడకు తగిలించొద్దు. ఫ్రేము వెనక బోర్డు పెట్టి, కింది మూలలకు కార్క్ ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది. కాన్వాస్ వదులైందని మూలల్లోని చెక్క చీలికలను సుత్తితో కొట్టొద్దు. ముందు ఊడేది గౌను రంగే. నూరేళ్లు దాటిన చిత్రం కాబట్టి, భారత్‌లోకి వచ్చాక మళ్లీ బయటికి పంపడం 1972 పురావస్తు చట్టం వల్ల చాలా కష్టం. విదేశంలో తిరిగి అమ్ముదామనే ఆలోచన ఉంటే అక్కడే ఉంచండి.

ఫ్రేము తర్వాతి కాలంది, దాని గురించి చెప్పడానికేమీ లేదు. ముఖం కోసం ఈ చిత్రం కొనదగ్గదే, 950కి మాత్రం కాదు. గౌను మరమ్మతు అంచనాను ధరలోంచి తగ్గించి, తేదీని '1832 తర్వాత' అని సరిదిద్ది రసీదు మీద రాసిస్తే తీసుకోండి.