వాన దారిలో ప్లగ్ వైరు: ఎక్కడ ఆగాలి, ఏ వైరు కొనాలి

దూరప్రయాణంలో మోటార్‌సైకిల్ వాన పడ్డప్పుడే మిస్ కొడుతూ, ఎండ కాయగానే మామూలుగా పరుగెడుతుంటే ముందు ప్లగ్ వైరునూ (వోల్టేజీని పెంచే ఇగ్నిషన్ కాయిల్ నుంచి స్పార్క్ ప్లగ్‌కి కరెంటు తెచ్చేది), దాని కొసన ప్లగ్ మీద కూర్చునే క్యాప్‌నూ అనుమానించాలి. పెట్రోల్లో నీళ్లు చేరితే వచ్చే ఇబ్బంది వాన వెలిశాక కూడా వదలదు. వైరు లోపం మాత్రం ఇంజిన్ వేడికి తడి ఆరగానే మాయమవుతుంది. తగ్గిపోయింది కదా అని సాగిపోతే తర్వాతి ఘాటు రోడ్డు మీద మళ్లీ పట్టుకుంటుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్ గ్యాప్ దాటాలంటే స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజీ కావాలి. వైరు మీద సన్నని పగులుంటే కరెంటుకు ఆ పగులులోంచి ఫ్రేముకి దూకడమే సులువు. అందుకే ఐడిల్‌లో చక్కగా ఆడే ఇంజిన్ లోడు పడగానే తడబడుతుంది.

కాయిల్ నేరుగా ప్లగ్ మీదే కూర్చునే కొత్త బళ్లలో విడిగా వైరే ఉండదు. ఇక్కడ చెప్పేది ట్యాంకు కింద కాయిల్, అక్కడినుంచి ప్లగ్ దాకా వైరు ఉన్న బళ్ల గురించి.

ఎక్కడ ఆగాలన్నది ఈ పనిలో సగం. చెట్టు కింద తడి చేతులతో క్యాప్ విప్పితే కొత్త తడి లోపలికి చేరుతుంది. రోడ్డు పక్కన చేయదగ్గది ఒక్కటే: ఇంజిన్ ఆపి, క్యాప్ తీసి, లోపలా బయటా పొడిగుడ్డతో తుడిచి, తేమను తరిమే స్ప్రే ఉంటే కొట్టి, గట్టిగా నొక్కి బయలుదేరడం. పెట్రోల్ బంకు షెడ్డు పొడిగా కనిపిస్తుంది, లైట్లూ ఉంటాయి. అక్కడ మాత్రం స్పార్క్ చూసే పని పెట్టుకోకూడదు. పెట్రోలు ఆవిరి ఉన్న చోట బయట స్పార్క్ కొట్టించడం ప్రాణాపాయం. బండిని బంకు ఆవరణ దాటించాకే ఏదైనా.

రాత్రి బస వెతికేటప్పుడు గది కంటే పార్కింగ్ ముందు చూడండి. పైకప్పు, దగ్గర్లో లైటు, నీళ్లు నిలవని నేల, ఈ మూడూ ఉంటే చిన్న లాడ్జి అయినా పనికొస్తుంది. పేరున్న హోటల్లో సెల్లార్ పార్కింగ్ ఇచ్చి, వానకి అందులో నీళ్లు చేరితే లాభం లేదు. ఆరుబయట టార్పాలిన్ కప్పి వదిలేయడమూ మంచిది కాదు. లోపల చేరిన ఆవిరి తెల్లారేసరికి కాయిల్ మీదా క్యాప్ మీదా మంచులా పడుతుంది. కాస్త గాలి ఆడేలా కప్పాలి. ముందుగా ఫోన్ చేసి పార్కింగ్ గురించి అడిగితే యజమాని ఎలా జవాబిస్తాడన్నదాన్ని బట్టే చాలావరకు తెలిసిపోతుంది.

అదే పార్కింగ్‌లో రాత్రి లైటు ఆర్పి లోపం పట్టుకోవచ్చు. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, వైరు మీదా క్యాప్ చుట్టూ స్ప్రే సీసాతో సన్నగా నీటి తుంపర కొట్టండి. లీకున్న చోట నీలి మెరుపులు గీతల్లా కనిపిస్తాయి, టిక్ టిక్ మని చప్పుడూ వినిపిస్తుంది. చెయ్యి దూరంగా ఉంచాలి, అక్కడున్నది వేల వోల్టులు. తర్వాత ఇంజిన్ ఆపి మల్టీమీటరు తీయండి. క్యాప్‌ని వైరు నుంచి మర తిప్పి విప్పి, రెండు కొసల మధ్య కొలవండి. రెసిస్టర్ క్యాప్ (స్పార్క్ వల్ల పుట్టే విద్యుత్ అలజడిని తగ్గించే రెసిస్టర్ లోపల ఉన్నది) సాధారణంగా 5 కిలో ఓముల దగ్గర చూపాలి. ప్లగ్‌లూ క్యాపులూ చేసే ఎన్‌జీకే కంపెనీ క్యాప్ నంబర్లలో 05 అని ఉండేది ఆ 5 కిలో ఓములకే. రీడింగ్ చాలా ఎక్కువున్నా, అసలు రాకపోయినా క్యాప్ పోయినట్టే. వైరు కొసన రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి ఉంటే, 5 నుంచి 6 మిల్లీమీటర్లు కోసేసి మెరిసే రాగి కనిపించాక క్యాప్ మళ్లీ బిగించడంతోనే చాలా బళ్లు బాగుపడతాయి. కొత్త వైరు కొనేముందు ఇది తప్పక చేసి చూడాలి.

కొనాల్సే వస్తే ఎవరి దగ్గరికి? కంపెనీ సర్వీస్ సెంటరులో కొలత తప్పు రాదు. అయితే చాలా చిన్న బళ్లకి వైరు కాయిల్‌తో కలిపి పోతపోసి ఉంటుంది కాబట్టి వాళ్లు కాయిల్ మొత్తమే ఇస్తారు, స్టాకు లేకపోతే ప్రయాణం ఆగుతుంది. ఊళ్లో రోడ్డు పక్క మెకానిక్ అదే పనిని కోసి అతికించి గంటలో ముగిస్తాడు. అతను ఏ వైరు వాడుతున్నాడో మీరే చూసుకోవాలి. కార్ల విడిభాగాల దుకాణంలో వైరు రకాలు ఎక్కువే, చిక్కు కూడా అక్కడే. కార్ల వైర్లలో చాలావాటికి మధ్యలో లోహపు తీగలు ఉండవు, కార్బన్ దారం ఉంటుంది. మోటార్‌సైకిల్ క్యాప్ లోపల, కొన్ని కాయిళ్ల లోపల చెక్కమర లాంటి మొన ఉంటుంది. అది రాగి తీగల మధ్యకి దిగి పట్టు సాధిస్తుంది. కార్బన్ దారంలోకి దిగితే దాన్ని నలిపి తెంపేస్తుంది. ఆ రోజుకి బండి స్టార్ట్ అవుతుంది, కొద్ది రోజులకే లోపల చిన్న ఖాళీ ఏర్పడి అక్కడే స్పార్క్ కొడుతూ మాడుతుంది. ఈ ఒక్క తప్పే బండిని దారిలో నిలబెడుతుంది. కౌంటర్ మీద పెట్టిన వైరు కొస చూడండి. లోహపు తీగలు కనిపించాలి. నల్లటి దారాలుంటే వద్దు. అనుమానముంటే రెండు కొసలకీ మీటరు పెట్టండి: రాగి దాదాపు సున్నా చూపుతుంది, కార్బన్ కిలో ఓముల్లో చూపుతుంది.

మందం 7 మిల్లీమీటర్లదే అడగండి. ఎక్కువ బళ్ల క్యాపులూ కాయిల్ రంధ్రాలూ దానికే. 8 మిల్లీమీటర్లది తెచ్చి, పట్టట్లేదని పై పొరను బ్లేడుతో చెక్కి దూర్చడం చూస్తుంటాం. చెక్కిన చోటే వాన లోపలికి వస్తుంది. పై పొర సిలికాన్ అయితే వేడికీ చలికీ తట్టుకుంటుంది కానీ మెత్తగా ఉంటుంది, ఫ్రేము అంచుకి రాసుకుంటే తెగుతుంది. పీవీసీ గట్టిదే, ఇంజిన్ వేడికి కాలక్రమంలో పెళుసుబారుతుంది. దూరప్రయాణాలకి సిలికాన్‌దే మేలు, దాని దారి జాగ్రత్తగా వేస్తే.

రెసిస్టెన్స్ సంగతి కూడా దుకాణంలోనే తేల్చుకోవాలి. ఎన్‌జీకే ప్లగ్ నంబరులో ఆర్ అక్షరం ఉంటే అది రెసిస్టర్ ప్లగ్. కొన్ని బళ్లకి కంపెనీయే రెసిస్టర్ ప్లగ్, రెసిస్టర్ క్యాప్ రెండూ ఇస్తుంది, కొన్నిటికి ఒక్కటే. బండి మాన్యువల్‌లో ఉన్నట్టే ఉంచండి. రెండూ తీసేస్తే స్పార్క్ బలపడుతుందని చెప్పేవాళ్లుంటారు. దాని వల్ల జరిగేది డిజిటల్ మీటరు పిచ్చి అంకెలు చూపడం, ఇంజెక్షన్ బండిలో ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్ (ఈసీయూ) తికమక పడడం.

బిగించే ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వాలి. పాత వైరు వెళ్లిన దారిని ఫోనుతో ఫోటో తీయండి. క్యాప్‌ని పట్టుకుని కొంచెం అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. వైరు పట్టి లాగితే కొత్తదైనా ఊడుతుంది. ప్లగ్ తీయాల్సి ఉంటే చుట్టూ ఉన్న మట్టి ముందే ఊదేయండి, లేదంటే సిలిండర్‌లో పడుతుంది.

కొత్త వైరు పాతదానికంటే 10 నుంచి 20 మిల్లీమీటర్లు పొడుగు ఉండనివ్వండి. తర్వాతెప్పుడైనా కొస కోసి మళ్లీ బిగించే అవకాశం మిగులుతుంది. కటింగ్ ప్లయర్ వైరును నొక్కి చదును చేస్తుంది, తీగలు ఒక పక్కకి జరుగుతాయి. కొత్త బ్లేడుతో అడ్డంగా, నిటారుగా కోయాలి. రబ్బరు సీలు వైరుకి ముందే ఎక్కించాలి, క్యాప్ బిగించాక గుర్తొస్తే మళ్లీ మొదటికే. క్యాప్‌ని కుడివైపు తిప్పుతూ, ఇక తిరగని దాకా బలవంతం లేకుండా బిగించి, ఒకసారి లాగి చూడండి. ఇప్పుడు వైరు రెండో కొసకీ క్యాప్ లోపలి లోహానికీ మీటరు పెడితే ఆ 5 కిలో ఓములే రావాలి. ఏమీ రాకపోతే మొన తీగల పక్కనుంచి దిగింది. విప్పి, కోసి, మళ్లీ చేయాలి.

కాయిల్ వైపు నట్టు ఉండే రకమైతే నట్టు, సీలు ఎక్కించి, వైరును అడుగు దాకా నొక్కి పట్టుకుని నట్టు తిప్పాలి. పోతపోసిన రకమైతే పెరికే ప్రయత్నం వద్దు. కాయిల్ పగులుతుంది. సుమారు 30 మిల్లీమీటర్లు వదిలి కోసి, రెండు వైపులా మర మొన ఉన్న జాయింటు ముక్కతో కలపండి. దాని మీద తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపును బాగా సాగదీసి, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం పడేలా వేయండి. మామూలు ఇన్సులేషన్ టేపు ఈ వోల్టేజీకి నిలవదు. వేడికి ముడుచుకునే స్లీవు వేస్తే, వైరును ఇంకా బండికి అమర్చకముందే, ట్యాంకుకి దూరంగా వేడి చేయాలి.

వైరు సైలెన్సర్ పైపుకీ సిలిండర్ రెక్కలకీ పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు కొట్టాలో సంకేతమిచ్చేది) వైర్లకీ దూరంగా వెళ్లాలి, పదునైన మడత ఉండకూడదు. జిప్ టైలతో ఫ్రేముకి బిగించి కట్టొద్దు. క్యాప్ నోటి అంచుకి లోపల సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే చాలు. మామూలు బేరింగ్ గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.

పరీక్షకి ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, దాని లోహపు ఒంటిని ఇంజిన్ శుభ్రమైన లోహానికి ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా, ఎందుకంటే అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. వైరును గాల్లో వదిలి మాత్రం ఎప్పుడూ కిక్ కొట్టకూడదు. బయట దారి దొరకని వోల్టేజీ కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ను చీల్చుకుంటుంది. ప్లగ్ తిరిగి బిగించేటప్పుడు చేత్తో ఆనేదాకా తిప్పి, పాత ప్లగ్ అయితే ఎనిమిదో వంతు చుట్టు, కొత్తదైతే అర చుట్టు పానాతో తిప్పండి.

పని అయ్యాక దారిలో వాటర్ సర్వీస్ చేయించాలనిపిస్తే, ప్రెషర్ నీళ్లు క్యాప్ మీదా ట్యాంకు కిందా నేరుగా కొట్టొద్దని అక్కడి కుర్రాడికి ముందే చెప్పండి. సంచిలో ఒక ప్లగ్, ఒక క్యాప్, అర మీటరు రాగి వైరు, జాయింటు ముక్క, సిలికాన్ టేపు, బ్లేడు, ప్లగ్ పానా, చిన్న మల్టీమీటరు ఉంచుకోండి. అవన్నీ సీటు కింద పట్టేస్తాయి.