మాలపల్లియా, గబ్బిలమా? కులాన్నీ అధికారాన్నీ చూపడంలో ఏది మేలు

తెలుగునాట కులం, కలిమి, అధికారం ఒకదానికొకటి ఎట్లా కాపు కాశాయో సాహిత్యం ద్వారా తెలుసుకోదలచిన వారికి పెద్దలు సాధారణంగా రెండు పుస్తకాలు చెబుతారు. ఒకటి ఉన్నవ లక్ష్మీనారాయణ నవల ‘మాలపల్లి’ (1922), రెండవది గుర్రం జాషువా కావ్యం ‘గబ్బిలం’ (మొదటి భాగం 1941). ఇద్దరు రచయితలూ గుంటూరు సీమ వారే. రెండు రచనల మధ్య ఎడం ఇరవై ఏళ్లకు మించదు. అయినా ఒకే అన్యాయాన్ని ఇవి వేరువేరు చోట్ల నిలబడి చూశాయి. ఏదో ఒక్కటే చదివే తీరిక ఉన్నవారికి నేను గబ్బిలమే చెబుతాను. అయితే మాలపల్లికి మాత్రమే చేతనైన పని ఒకటి ఉంది. ముందుగా దానిని ఒప్పుకోవడం న్యాయం.

ఉన్నవ డబ్లిన్‌లో బారిస్టరు చదువు చదివారు. పల్నాటి పుల్లరి (అడవిలో పశువుల మేతపై పన్ను) సత్యాగ్రహంలో పాల్గొని, రాయవేలూరు జైలులో ఉండగా ఈ నవల రాశారు. అధికారం పేదవాని గుమ్మంలోకి ఏయే వేషాల్లో వస్తుందో ఆయన ఎరుగును. మంగళాపురం అనే ఊరిలో రామదాసు అనే మాల రైతు కుటుంబం దిగజారుతూ వచ్చే క్రమమే కథ. ఈ క్రమంలో తిట్లకంటే లెక్కలకు ఎక్కువ బలం ఉంటుంది: కూలి ఎంత, దానిని ఏ రూపంలో ఇవ్వాలి, ఆ మాట తేల్చే హక్కు ఎవరిది అన్నవే అసలు తగాదాలు. రామదాసు కొడుకు సంగదాసు కూలివారి పక్షాన నిలబడతాడు. ఊరి పెద్ద ఆసామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణం పోగొట్టుకుంటాడు. మరో కొడుకు వెంకటదాసు చట్టం మీద నమ్మకం వదులుకుని, తక్కెళ్ళ జగ్గడు అన్న పేరుతో ఉన్నవారిని దోచి లేనివారికి పంచే దారి పడతాడు. హత్య విషయంలో నిద్రపోయిన పోలీసు, కోర్టు, జైలు అనే యంత్రాంగమంతా దోపిడీ విషయంలో ఎంత చురుకుగా మేల్కొంటుందో ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చదివితే బోధపడుతుంది. భూమి, కూలి, చట్టం అనే మూడూ ఒకే చేతిలో ఎలా ఉండేవో ఇంత విపులంగా చూపిన తెలుగు రచన అంతకు ముందు లేదు. మద్రాసు ప్రభుత్వం దీనిని ఒకటికి రెండు సార్లు నిషేధించడమే ఆ చూపు ఎంత సూటిగా తగిలిందో చెబుతుంది.

లోపం ఎక్కడ ఉందంటే, రామదాసును మలచిన తీరులో ఉంది. ఆయన వేదాంతి, శాంతమూర్తి, పల్లెత్తు మాట అనని సాధువు. కొడుకును చంపినవారి మీద కూడా పగ పట్టని మనిషి. చదువుతున్నంత సేపూ మన కళ్లు చెమరుస్తాయి, నిజమే. కానీ ఆ కన్నీటికి ఒక షరతు ఉన్నట్టు తోస్తుంది: మాలవాడు సానుభూతికి అర్హుడు కావాలంటే అగ్రవర్ణ గృహస్థుకంటే పవిత్రంగా బ్రతికి చూపించాలి. కోపిష్టి, తాగుబోతు, అబద్ధాలాడే అంటరానివాడు ఉంటే, వానికి జరిగిన అన్యాయం తక్కువదవుతుందా? ఉన్నవ ఉద్దేశం గొప్పది. ఆయన జీవితమే అందుకు సాక్ష్యం. అయినా ఆయన మాట్లాడుతున్నది తన వంటి అగ్రవర్ణ పుట్టుక ఉన్న పాఠకులతో, వారి మనసు కరిగించడానికి. నవలకు ఐదేళ్ల ముందే, 1917లో, బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సమావేశమైన దళితులు తమను ఆది ఆంధ్రులుగా, అంటే ఈ నేల తొలి వాసులుగా, ప్రకటించుకున్నారు. ఎవరి కరుణా అడగని ఆ గొంతుకకు మాలపల్లిలో దక్కిన చోటు చాలా తక్కువ.

గబ్బిలంలో ఆ గొంతుకే కావ్యమైంది. జాషువా ఎంచుకున్న పద్ధతి సాహసోపేతమైనది. సంస్కృత సాహిత్యంలో అత్యంత గౌరవం పొందిన మేఘసందేశం చట్రాన్నే ఆయన తీసుకున్నారు. అక్కడ విరహంతో వేగే యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపుతాడు; ఇక్కడ ఆకలితో వేగే అరుంధతీ సుతుడు, అంటే అంటరానివాడు, శివునికి గబ్బిలంతో మొర పంపుతాడు. గబ్బిలమే ఎందుకు? లోకం దానిని అపశకునమంటుంది, ఇంట్లోకి వస్తే తరిమేస్తుంది. అయినా గుడి లోపల, గర్భగుడి చూరుకు వేలాడే స్వేచ్ఛ దానికి ఉంది. ఆ గుడి గోడ దాటే వీలు మనిషికి లేదు. ఆ దూతకు అతడు చెప్పే జాగ్రత్త ఒక్కటి చాలు, కావ్యమంతా అందులో ఉంది:

“ఆలయంబున నీవు వ్రేలాడువేళ శివుని చెవి నీకుఁ గొంత చేరువుగ నుండు... పూజారి లేనివేళ విన్నవింపుము నాదు జీవితచరిత్ర.”

‘పూజారి లేనివేళ’ అన్న ఆ రెండు మాటల దగ్గర ఆగి చూడండి. దేవుడు వినడేమోనన్న భయం అతనికి లేదు. దేవునికీ తనకూ నడుమ నిలబడిన మనిషి అడ్డుపడతాడన్న ఎరుక ఉంది. అధికారం ఎక్కడ కూర్చుని ఉందో ఇంత తక్కువ మాటల్లో చూపిన పద్యం మన భాషలో అరుదు. చాతుర్వర్ణ్యాన్ని ‘నాల్గు పడగల హైందవ నాగరాజు’ అన్నప్పుడూ, కర్మ సిద్ధాంతంతో తన నోరు కట్టేసి తన తిండి ఇతరులు తింటున్నారనీ, ఆ కర్మమంటే ఏమిటో ఈశ్వరుని చేతనే రుజువు చేయించమనీ అడిగినప్పుడూ జాషువా పట్టుకున్నది వివక్ష వేరును. చౌదరయ్య వంటి దుష్టుడు పోయినా వివక్ష ఎందుకు పోదో మాలపల్లి పూర్తిగా చెప్పలేదు. మంచివాళ్లు కూడా కళ్లు మూసుకుని నమ్మే ఒక సిద్ధాంతం దానిని మోస్తున్నదని గబ్బిలం చెబుతుంది. పైగా కూలి విషయం దీనికి తెలియనిది కాదు: చెమటోడ్చి ప్రపంచానికి భోజనం పెట్టేవానికే “భుక్తి లేదు” అన్న పద్యం ఇందులోదే.

ఇంకొక సంగతి. ఛందస్సు, సంస్కృత పదసంపద, అలంకార శాస్త్రం తమ సొత్తని భావించిన పండితుల ఎదుట, వారు తప్పు పట్టలేని పద్యంలో ఈ మాటలు చెప్పడం కూడా అధికారంతో పోరే. కులం కారణంగా ఎన్నో అవమానాలు పడిన కవి కాలికి మహాపండితుడు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గండపెండేరం (గొప్ప కవులకు గౌరవంగా తొడిగే కాలి కడియం) తొడిగారంటే, ఆ పోరులో ఒక గెలుపు ఉన్నట్టే. అయితే ఆ గెలుపుకు ధర కూడా ఉంది: ఏ వాడ గురించి ఆ కావ్యం రాశారో ఆ వాడలో అక్షరం రానివారికి ఆ భాష అందదు. మాలపల్లి వాడుక భాష ఈ విషయంలో ఎంతో మేలు. గబ్బిలంలో దళిత స్త్రీ దాదాపు కనిపించదన్నది మరింత పెద్ద లోటు. 1946లో వచ్చిన రెండవ భాగానికి మొదటి భాగపు వాడి లేదన్నది నా అభిప్రాయం.

ఈ రెండింటి లోటూ తీర్చేది కావాలంటే జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) నవల ఉంది. రూతు జ్ఞాపకాలుగా సాగే ఈ కథలో ఎల్లన్న, ఉరుముల నాగన్న వంటి కళాకారులు ఉన్నారు, సుభద్ర వంటి ఎదిరించే స్త్రీ ఉంది. దళితులు బాధితులుగా కాక ఆటపాటల వారసులుగా, తమ చరిత్ర తామే చెప్పుకునేవారుగా కనిపిస్తారు. కానీ గబ్బిలం చదివిన తరువాత ఇది చదివితేనే, అరుంధతీ సుతునికి జాషువా ఇవ్వలేకపోయిన కుటుంబం, పాట, ఊరు ఇక్కడ దొరికాయని తెలుస్తుంది.

అర్థశాస్త్రమో, గ్రామీణ చరిత్రో చదువుతున్న విద్యార్థికి మాలపల్లితో మొదలుపెట్టమనే చెబుతాను. మధ్యలో వచ్చే వేదాంత చర్చలు విసుగనిపిస్తే వాటిని దాటి కూలి తగాదా, జైలు ఘట్టాలు నెమ్మదిగా చదవడం మంచిది. తన ఇంట్లో, తన నమ్మకాల్లో కులం ఎక్కడ దాగి ఉందో వెదుక్కోదలచిన వారికి, ముఖ్యంగా అగ్రవర్ణాల్లో పుట్టినవారికి, గబ్బిలం మొదటి భాగం కావాలి. మాలపల్లి చదివి చౌదరయ్యను అసహ్యించుకోవడం తేలిక, ఎందుకంటే మనం చౌదరయ్యలం కామని అందరికీ నమ్మకమే. గబ్బిలం అడిగే ప్రశ్న గుడికి వెళ్లి దండం పెట్టుకుని వచ్చే ప్రతి మంచి మనిషికీ తగులుతుంది.