పారిస్‌లో ఒంటరిగా ఊరు చూడాలంటే: టూరిస్టు బస్సా, మెట్రోనా, పడవా, కాలినడకా? ఏది మేలు?

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి మామిడి పల్ప్ ఎగుమతి చేసేవాళ్ళకి పారిస్ కొత్త ఊరేం కాదు. సరి సంఖ్య సంవత్సరాల్లో అక్టోబరు నెలలో అక్కడ సియాల్ ఆహార ప్రదర్శన జరుగుతుంది. తోతాపురి సీజను అప్పటికే ముగిసి ఫ్యాక్టరీలో పని తగ్గి ఉంటుంది కాబట్టి ప్రయాణం కుదురుతుంది. కంపెనీలు చాలావరకు ఒక్క మనిషినే పంపుతాయి. పగలంతా స్టాల్‌లోనో, కొనుగోలుదారుల వెంటో గడిచిపోతుంది. ఊరు చూడ్డానికి మిగిలేది సాయంత్రాలు, మహా అయితే చివర్లో ఒక రోజు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాం. సాయంత్రాలకైతే రైలు, కాలినడక, ఒక రాత్రి పడవ. టూరిస్టు బస్సు మాట పూర్తి రోజు చేతిలో ఉన్నప్పుడే ఎత్తాలి, అదీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళే.

ప్రదర్శన జరిగే చోటు పారిస్‌లో లేదు, ఊరికి ఈశాన్యాన విల్‌పాంత్‌లో ఉంది. హాలు వదిలి బయటపడేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. అక్కణ్ణుంచి నడిబొడ్డుకి ఆర్‌ఈఆర్ బి అనే సబర్బన్ రైల్లో అరగంట పైచిలుకు. అక్టోబరు మూడో వారంలో ఏడింటికల్లా చీకటి పడిపోతుంది. నెలాఖరు ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఆరుకే చీకటి. అంటే చేతిలో ఉండేది రాత్రి ఏడు నుంచి పదిన్నర దాకా. ఒక సౌకర్యం ఉంది: వాళ్ళకి ఆరైతే మనకి తొమ్మిదిన్నర. ఊళ్ళో ఆఫీసు మూసేసి ఉంటారు కాబట్టి ఫోన్ల గొడవ ఉండదు.

ఈ మూడున్నర గంటల్లో ఎక్కుతూ దిగుతూ తిరిగే టూరిస్టు బస్సు పనికిరాదు. దాని సర్వీసులు పగటివి. మీరు ఊళ్ళోకొచ్చేసరికి అవి సర్దుకుంటుంటాయి. రాత్రి బస్సులని వేరే ఉంటాయి గానీ వాటిలో మధ్యలో దిగనివ్వరు. ఒక చుట్టు తిప్పి ఎక్కిన చోటే దించేస్తారు. పైన కప్పు లేని సీట్లో కూర్చుంటే అక్టోబరు చలిగాలి చెవుల్లో దూరుతుంది, సన్నగా జల్లు పడిందంటే ఆ సీటుకిచ్చిన డబ్బు వృథా. పగలైనా చిక్కే. ఒక రోజు టికెట్టుకి నలభై యూరోల అటూ ఇటూ అవుతుంది. ఒక చోట దిగితే మళ్ళీ బస్సు కోసం పది, పదిహేను నిమిషాలు నిలబడాలి. షాంజెలీజే రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంకా జాస్తి. రోజుకి నాలుగు చోట్ల దిగితే గొప్ప. మెచ్చుకోవాల్సింది ఒక్కటుంది: దారి తప్పే ప్రశ్నే లేదు, కూర్చున్న చోటే ఊరి నక్షా బుర్రకెక్కుతుంది.

ఇక మెట్రో, ఆర్‌ఈఆర్. 2025 జనవరి నుంచి లెక్క తేలికైంది. విమానాశ్రయం తప్ప పారిస్ ప్రాంతంలో ఏ మూల నుంచి ఏ మూలకైనా మెట్రో లేదా రైలుకి ఒకటే టికెట్టు. ఆ ఏడాది దాని ధర 2.50 యూరోలు, తర్వాత ఏటా జనవరిలో కాస్త పెంచుతున్నారు. అంతకుముందు విల్‌పాంత్ నుంచి రావడానికి దూరాన్ని బట్టి ఎక్కువ కట్టాల్సి వచ్చేది. స్టేషను కౌంటర్లో నవిగో ఈజీ అనే కార్డు 2 యూరోలకి ఇస్తారు. అందులో టికెట్లు వేయించుకుంటే చాలు. ఇద్దరు వెళ్తే రెండు కార్డులు కావాలి, ఒకే కార్డు రెండుసార్లు ఆనించి ఇద్దరూ దూరడం కుదరదు. బస్సు, ట్రాముల టికెట్టు వేరు. అది మెట్రోలో పనిచేయదు.

రోజు పాసు తీసుకోమని చాలామంది సలహా ఇస్తారు. 2025లో దాని ధర 12 యూరోలు. అప్పుడు విడి టికెట్టు రెండున్నర కాబట్టి ఐదో ప్రయాణం నుంచే పాసు గిట్టుబాటు. సాయంత్రానికి ఒక రాక, ఒక పోక, మధ్యలో ఇంకొకటి. మూడు టికెట్లు, 2025 ధరలో ఏడున్నర యూరోలు. పాసు అనవసరం. పూర్తి రోజు తిరిగేటప్పుడు ఆలోచించొచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది రైలు దిశ దగ్గర. ప్రదర్శన స్టేషను పేరు పార్క్ దెజ్ ఎక్స్‌పొజిసియోన్. ఇది విమానాశ్రయం కొమ్మ మీద, విమానాశ్రయానికి సరిగ్గా ముందుంటుంది. పొద్దున వచ్చేటప్పుడు మిత్రీ వైపు వెళ్ళే రైలెక్కితే వేరే కొమ్మకి పోతారు. విమానాశ్రయం రైలే ఎక్కినా అన్నీ ఈ స్టేషన్లో ఆగవు, కొన్ని నేరుగా వెళ్ళిపోతాయి. ప్లాట్‌ఫారం మీది బోర్డులో స్టేషన్ పేరు వెలిగిందో లేదో చూసుకునే ఎక్కాలి. కునుకు తీసి విమానాశ్రయంలో తేలితే మామూలు టికెట్టు చెల్లదు. విమానాశ్రయం టికెట్టు విడిగా ఉంటుంది, 2025లో 13 యూరోలు. అది లేకుండా దొరికితే జరిమానా. మరో మాట: ఆర్‌ఈఆర్‌లో బయటికొచ్చేటప్పుడు కూడా కార్డు ఆనించాలి, కాబట్టి లోపలికి రాగానే దాన్ని సూట్‌కేసు అడుగున పడేయొద్దు.

దిగడం ఎక్కడన్నది కూడా తేడా చేస్తుంది. పేరు తెలిసిందని షాత్లేలో దిగుతారు. భూమి కింద అదొక చిక్కుముడి, సరైన గేటు దొరికేసరికి పావుగంట పోతుంది. ఇంకొక్క స్టేషను ఓపిక పట్టి సాన్ మిషెల్ నోత్ర్ దామ్‌లో దిగండి. మెట్లెక్కితే సేన్ నది ఒడ్డున తేలతారు, నోత్ర్ దామ్ చర్చి కళ్ళెదురుగా ఉంటుంది. 2019లో అగ్నిప్రమాదానికి గురైన ఆ చర్చి 2024 డిసెంబరులో మళ్ళీ తెరుచుకుంది. లోపలికి ఉచితమే.

అక్కణ్ణుంచి కాలినడకకి సాటి ఇంకోటి లేదు. నది వెంట పడమటికి నడిస్తే పాన్ నఫ్ వంతెన వస్తుంది. పేరుకి కొత్త వంతెన, 1607లో పూర్తయింది, ఊళ్ళో ఉన్నవాటిలో అదే పాతది. దాటాక లూవ్ర్ ముంగిలి. మ్యూజియం మూసి ఉన్నా ముంగిలి మామూలుగా తెరిచే ఉంటుంది. లోపల దీపాలు వెలిగాక గాజు పిరమిడ్ పగటికంటే బాగుంటుంది. తర్వాత కాంకోర్డ్ కూడలిలో ఈజిప్టు నుంచి తెచ్చిన రాతి స్తంభం. అక్కణ్ణుంచి మళ్ళీ నది పట్టుకుని ఐఫిల్ టవర్ దాకా. అంతా కలిపి ఐదు కిలోమీటర్ల పైన, ఆగి చూస్తూ నడిస్తే రెండు గంటలు. లూవ్ర్, కాంకోర్డ్ మధ్యలో త్విల్రీ తోట రాత్రికి మూసేస్తారు, గేటు వేసి ఉంటే నది వైపు పేవ్‌మెంటు మీదుగా పోవాలి. చీకటి పడ్డాక ప్రతి గంటకీ ఐదు నిమిషాల పాటు టవర్ మిలమిలలాడుతుంది. తొమ్మిదికో పదికో అక్కడ ఉండేలా నడక కుదుర్చుకోండి.

నడకకి అడ్డం తగిలేది బూట్లు. స్టాల్లో ఎనిమిది గంటలు నిలబడ్డ తోలు బూట్లతోనే రాళ్ళు పరిచిన వీధుల్లో నడిస్తే మర్నాడు స్టాల్లో కుంటుతారు. శాంపిళ్ళ సంచిలో పాత స్పోర్ట్స్ షూ ఒక జత పడేసుకుని, హాలు వదిలేముందు మార్చుకోండి. అదే సంచిలో పల్ప్ డబ్బాలు మాత్రం మిగల్చకండి. టవర్ దగ్గర భద్రతా తనిఖీలో గాజు సీసాలు, డబ్బాలు లోపలికి రానివ్వరు, దాచిపెట్టుకునే గదీ ఉండదు. కొనుగోలుదారుకి ఇవ్వాలనుకున్న 850 గ్రాముల డబ్బా చెత్తబుట్టలో వేయాల్సి వస్తుంది.

పడవ సంగతి. కాళ్ళు ఇక మొరాయిస్తున్నాయన్న రోజున దీనికి మించింది లేదు. టవర్ కింద, ఆల్మా వంతెన దగ్గర, పాన్ నఫ్ దగ్గర వేర్వేరు కంపెనీల రేవులున్నాయి. గంటసేపు తిప్పుతారు, ఇరవై యూరోల లోపు. రాత్రి పది దాకా బయల్దేరే పడవలుంటాయి. అద్దాల గది లోపల కూర్చుంటే వెచ్చగా ఉంటుంది కానీ ఫొటోల్లో దీపాల ప్రతిబింబాలే పడతాయి. శాలువా కప్పుకుని వెనక డెక్ మీద నిలబడడం మేలు. భోజనంతో పాటు తిప్పే పడవలు ఒంటరివాళ్ళకి దండగ: ధర ఎన్నో రెట్లు, అందరూ జంటలే, శాకాహారం ముందు చెప్పుకోకపోతే దొరకదు. బాటోబస్ అని ఎక్కుతూ దిగుతూ తిరిగే పడవ కూడా ఉంది. అది పగటి వ్యవహారం.

టిప్పు మీద నడిచే వాకింగ్ టూర్లకి డబ్బు ముందు కట్టక్కర్లేదు, చివర్లో పది, పదిహేను యూరోలు ఇస్తారు. ఒంటరిగా వచ్చినవాళ్ళకి మాట్లాడే తోడు దొరుకుతుంది. చాలావరకు పగలే జరుగుతాయి కాబట్టి మిగుల్చుకున్న రోజుకి పెట్టుకోండి. టాక్సీ మాట్లాడుకుని ఊరంతా తిరగడం తిరుమల, కాణిపాకం యాత్రలకి సరిపోయే పద్ధతి. పారిస్‌లో మీటరుకి భయపడి ఎక్కడా దిగబుద్ధి కాదు.

ఎత్తు నుంచి ఊరు చూడాలంటే ఐఫిలా, ఆర్క్ ద ట్రయాంఫ్ అనే విజయ ద్వారమా? ఐఫిల్ లిఫ్టు టికెట్లు అరవై రోజుల ముందు ఆన్‌లైన్‌లో తెరుస్తారు, మంచి సమయాలు త్వరగా అయిపోతాయి. మన షెంగెన్ (ఐరోపా) వీసా చాలామందికి చేతికొచ్చేదే ప్రయాణం దగ్గరపడ్డాక. అప్పటికి దొరికితే అదృష్టం. మెట్ల దారి ఒకటుంది, రెండో అంతస్తు దాకా 674 మెట్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన కాళ్ళకి అదేం లెక్క కాదు, డబ్బూ కలిసొస్తుంది. ఆర్క్ మీదికి 284 మెట్లు. టికెట్టు అప్పటికప్పుడు సాధారణంగా దొరుకుతుంది, రాత్రి కూడా తెరిచి ఉంటుంది. పన్నెండు రోడ్లు ఒక్కచోట కలవడం, దూరంగా టవర్ వెలగడం రెండూ పైనుంచి కనిపిస్తాయి. పని మీద వెళ్ళినవాళ్ళకి ఆర్క్ నయం. అక్కడికి రోడ్డు దాటి వెళ్ళబోకండి, కింది సొరంగం దారి ఉంది.

మ్యూజియాలకి వారం చూసుకోవాలి. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది, మంగళవారం సెలవు. ఓర్సే గురువారం రాత్రి 9.45 దాకా, సోమవారం సెలవు. సాయంత్రం రెండు గంటలే ఉంటే ఓర్సేకి వెళ్ళండి. పాత రైల్వే స్టేషనులో పెట్టిన మ్యూజియం అది, ఒక పూటలో చూడగలిగినంతే ఉంటుంది. లూవ్ర్ పెద్ద సముద్రం. పైగా 2026 జనవరి నుంచి ఐరోపా బయటివాళ్ళకి టికెట్టు 32 యూరోలు చేశారు. మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు, అంతే. జనం భుజాల మీంచి తొంగిచూడాలి. అదే గదిలో ఎదుటి గోడ నిండా దాదాపు పది మీటర్ల వెడల్పున్న పెళ్ళి విందు చిత్రం ఉంటుంది. వెరొనేజే గీసింది. దాని ముందు ఎవరూ తోసుకోరు, తీరిగ్గా చూడొచ్చు.

తిండికి రైలు దారిలోనే ఏర్పాటుంది. ఆర్‌ఈఆర్ బి మీది గార్ దు నోర్‌లో దిగి లా షాపెల్ వైపు నడిస్తే వీధి వీధంతా శ్రీలంక తమిళుల దుకాణాలే. దోశె, ఇడ్లీ, వడ దొరుకుతాయి. చిత్తూరు మనుషులకి తమిళం వచ్చు కాబట్టి ఫ్రెంచి రాని బాధ అక్కడ తీరిపోతుంది. దగ్గర్లోనే పజోల్ వీధిలో వినాయకుడి గుడి కూడా ఉంది. మామూలు రెస్టారెంట్లలో నీళ్ళ సీసా అడిగితే బిల్లులో వేస్తారు. 'కరాఫ్ దో' అని అడిగితే కుళాయి నీళ్ళు ఉచితంగా తెస్తారు.

ఒంటరిగా తిరిగేటప్పుడు మెడలో ప్రదర్శన బ్యాడ్జి వేలాడదీసుకుని రైలెక్కొద్దు. పేరు, కంపెనీ, పరాయి దేశస్తుడన్న విషయం దొంగకి అదే చెప్తుంది. రైలు తలుపు పక్కన ఫోను పట్టుకుని నిలబడితే తలుపు మూసుకునే క్షణంలో లాక్కుని దూకేస్తారు. సాక్రే కర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కట్టబోయేవాళ్ళు, టవర్ దగ్గర సంతకం చేయమని అట్ట పట్టుకొచ్చేవాళ్ళు, టికెట్టు మెషీన్ దగ్గర సాయం చేస్తామనేవాళ్ళు, ముగ్గురి దగ్గరా ఆగకుండా నడవడమే మంచిది. అత్యవసరానికి 112. హోటలు విల్‌పాంత్‌లోనే తీసుకుంటే రాత్రి పదకొండుకి ఖాళీ స్టేషన్లో దిగాల్సి వస్తుంది. అదే లైను మీద ఊళ్ళో ఉన్న లుక్సంబూర్, డాన్‌ఫెర్ రోష్రో దగ్గర తీసుకుంటే గది అద్దె కాస్త ఎక్కువైనా పొద్దునా రాత్రీ ఒకే రైలు. మెట్రో మామూలు రోజుల్లో ఒంటిగంట దాటేదాకా నడుస్తుంది.

జర్మనీలోని కొలోన్‌లో బేసి సంవత్సరాల్లో జరిగే అనూగా ఆహార ప్రదర్శనకి వెళ్ళేవాళ్ళకి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. అక్కడ ప్రదర్శన హాళ్ళ నుంచి రైన్ నది మీది వంతెన దాటితే చర్చి వచ్చేస్తుంది, బస్సూ రైలూ రెండూ అనవసరం.

చివర్లో ఒక రోజు అదనంగా ఉండాలనుకుంటే ఆ మాట వీసా దరఖాస్తులోనే కనిపించాలి. వ్యాపార వీసా మీద ఊరు చూడ్డానికి అడ్డు లేదు. కానీ స్టిక్కరు మీద ఇచ్చిన రోజుల సంఖ్యలో ఆ రోజు పట్టాలి. హోటల్ బుకింగు, కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా కూడా ఆ రోజు దాకా ఉండాలి. బీమా ఒక్క రోజు తగ్గినా వీసాకి చిక్కొస్తుంది. ఆ రోజు సామాను హోటల్లోనే వదిలి, విమానానికి నాలుగున్నర గంటల ముందు తీసుకుని బయల్దేరండి. శని, ఆదివారాలైతే ముందురోజు రాత్రే ఆర్‌ఈఆర్ బి లైనులో మరమ్మతు పనులున్నాయేమో చూసుకోండి. ఉంటే కొంత దూరం బస్సులో తిప్పుతారు, గంట అదనంగా పడుతుంది.