తుమ్మముల్లుని ఆపే టైరు, సన్నతీగని ఆపలేదు

గోదావరి డెల్టాలో సామానుతో సైకిలు తొక్కేవాళ్లకి ముందుగా ఒక మాట: నేను వాడిన ఈ 700×35 (సుమారు 700 మిల్లీమీటర్ల వ్యాసం, 35 వెడల్పు) టూరింగ్ టైరుకి నేలని తాకే భాగం, అంటే ట్రెడ్ వైపు నుంచి గుచ్చుకుంటే, సర్కారు తుమ్మ ముల్లు ట్యూబు దాకా దాదాపు దిగదు. ట్రెడ్ కింద 3 మిల్లీమీటర్ల మెత్తటి రబ్బరు పొర ఉంది, ముల్లు అందులో గుచ్చుకుని విరిగిపోతుంది. విజ్జేశ్వరం నుంచి నిడదవోలు మీదుగా నరసాపురం వైపు కాలవ గట్లు పట్టుకుని వెళితే, కంప కొట్టి దారిలోనే పడేసిన చోట్లు చాలా తగులుతాయి. అక్కడ దిగి సైకిలు నడిపించక్కర్లేదు. ఆ ఒక్క గుణానికే ఈ టైరంటే నాకు ప్రాణం. ట్రెడ్ అరిగి లోపలి పొర రంగు బయటపడేదాకా వాడాక చెబుతున్న మాట ఇది.

దీన్ని ఓడించింది ముల్లు కాదు, పేలిన లారీ టైరు ముక్కల్లోంచి రాలే వెంట్రుకంత ఉక్కు తీగ. 216 జాతీయ రహదారి అంచున ఇవి ఎక్కువ. పైగా చేపల లారీలు నీళ్లు కారుస్తూ పోతాయి. తడిసిన రబ్బరులోకి పదునైనది ఏదైనా తేలిగ్గా జారుతుంది. తీగ ఒక్కసారిగా గుచ్చుకోదు, చక్రం తిరిగినప్పుడల్లా కొంచెం కొంచెం లోపలికి పోతుంది. గాలి కూడా అలాగే మెల్లగా దిగుతుంది. ట్యూబు మార్చి గాలి కొడితే కాసేపటికి మళ్లీ అదే వరస. మందపాటి పొరలో తీగ మొన దాక్కుని, మన బరువు పడ్డప్పుడే బయటికొస్తుంది. వేలితో తడిమితే దొరకదు.

దొరికించుకునే పద్ధతి ఉంది. టైరు ఎక్కించేటప్పుడే కంపెనీ పేరున్న చోటు వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టుకోవాలి. ట్యూబు తీసి గాలి కొట్టి కాలవ నీళ్లలో ముంచి, బుడగలొచ్చే చిల్లు వాల్వుకి ఎన్ని జానలుందో కొలవాలి. టైరు మీద వాల్వు చోటు నుంచి రెండు వైపులా అంతే దూరంలో ట్రెడ్‌ని బయటికి వంచి, లోపల దూది రాయాలి. దూది పోగు పట్టుకున్న చోటే తీగ ఉంటుంది. గోళ్ల కత్తెరతో పట్టి లాగితే వచ్చేస్తుంది. ప్యాచ్ వేసేటప్పుడు సొల్యూషన్ తడి ఆరి, వేలికి అంటనప్పుడే అతికించాలి. తొందరపడితే ఎండ వేడికి అంచు లేస్తుంది.

సన్నటి రిమ్ముకి ప్రెస్టా వాల్వు (కొసన చిన్న మర ఉండే సన్నటి వాల్వు) ఉన్నవాళ్లు రెండు ట్యూబులు వెంట ఉంచుకోవాలి. పల్లెల్లో దొరికే 28 అంగుళాల ట్యూబు టైరులో సర్దుకుంటుంది గానీ, దాని లావు వాల్వు ఆ రిమ్ము బెజ్జంలో దూరదు. షాపులో గాలి కొట్టించుకోడానికి చిన్న ఇత్తడి అడాప్టరు కూడా తప్పనిసరి.

పైన మెచ్చుకున్న పొరకి ఒక ఖరీదుంది. డెల్టాలో ఎత్తుపల్లాల్లేవు కాబట్టి టైరు బరువు పెద్దగా తెలియదు, అంతవరకు నిజం. కానీ పల్లం లేదంటే రోజంతా తొక్కుతూనే ఉండాలి. మందపాటి రబ్బరు నలిగే ప్రతి చుట్టూ కాళ్లకి తెలుస్తుంది. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి ఎదురుగాలి మొదలైతే మరీను. దక్షిణానికి పోయేవాళ్లు తెల్లారకముందే బయల్దేరడం మేలు. పక్కగోడలకి ఈ రక్షణ లేదు, ముల్లు అటునుంచి వస్తే దిగుతుంది. టైరు బిగువు కూడా ఎక్కువే. కొత్తలో టైరు ఊడదీసే లివర్లు రెండు చాలవు, మూడోది కావాలి.

నేనూ సామానూ కలిపి 90 కిలోల పైమాటే. గాలి ఒత్తిడి వెనక 65, ముందు 55 పీఎస్ఐ పెడతాను. ముందు చక్రం లేపిన మొన వెనక చక్రానికి గుచ్చుకుంటుంది, బరువూ అక్కడే ఎక్కువ. అందుకని వెనక ఇదే టైరు ఉంచి, ముందుకి 32 వెడల్పున్న తేలికపాటి టైరు వేశాను. గట్ల మీదికి దిగకుండా తారు రోడ్ల మీదే పోయే తేలిక మనుషులకి వెనక కూడా ఇంత మందం అక్కర్లేదేమో.